లాగి చూడని మొవ్వు

నేను ఒక గొడ్డలిని. ఒంటిచేత్తో ఊపేంత చిన్నదాన్ని. ఇప్పుడు ఒళ్లంతా వార్నిష్ పూయించుకుని ఒక క్లబ్‌హౌస్ గోడకి వేలాడుతున్నాను. నాకు ఒకవైపు ఎడ్లబండి చక్రం, ఇంకోవైపు రెండు ఇత్తడి బిందెలు, పైన ఎవరూ విసరని విసనకర్ర. కింద చెక్కముక్క మీద 'పల్లె జ్ఞాపకాలు' అని అందంగా రాయించారు. పిల్లల పుట్టినరోజు పార్టీలకి వచ్చినవాళ్లు మా ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ జ్ఞాపకాలు ఎవరివని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను, గోడకి వేలాడేదానికి వేరే పనేముంది గనక!

పుట్టుకకి ముందు నేను ఒక లారీ కింద కమాను పట్టీని. ఎన్ని బస్తాలు మోశానో, ఎన్ని గోతుల్లో పడి లేచానో లెక్కలేదు. చివరికి ఒకరోజు మధ్యకి విరిగాను. ఉద్దానంలో, సముద్రపు హోరు వినపడే ఒక ఊళ్లో కమ్మరి నన్ను కొని, కొలిమిలో కాల్చి, సాగగొట్టి, అంచు తీర్చి చింతకొమ్మతో కామ వేశాడు. గొడ్డలి కామే కులానికి చేటని మనుషులు ఒక సామెత చెప్పుకుంటారు. చెట్టు ముక్కే నాకు పిడిగా అమరకపోతే నేను చెట్టును ఏం చెయ్యగలను అని దాని భావం. ఆ సామెత చెప్పేవాళ్లు నన్ను ఊపే చెయ్యి సంగతి మాత్రం మరిచిపోతారు.

నన్ను కొన్నది ఆ ఊరి రైతు, కూర్మయ్య తండ్రి. ఆయనకి నలభైమూడు కొబ్బరిచెట్ల తోట ఉండేది. కొబ్బరిచెట్టు కన్నకొడుకు కంటే నయమని ఆ ఊళ్లో అందరూ అంటారు, కన్నకొడుకులు వింటుండగానే అంటారు. తోటలోకి వెళ్లేటప్పుడు ఆయన నా పదునును వెనక్కి తిప్పి భుజాన పెట్టుకునేవాడు. పదును ముందుకుంటే చెట్లు జడుసుకుని పిందె రాలుస్తాయట. నాకు నవ్వొచ్చేది. ఎండిన మట్టలు, పొయ్యిలోకి సరుగుడు కట్టెలు, జీడిమామిడి కొమ్మలు, ఇవే నా పని. పాతికేళ్లలో పచ్చి కొబ్బరిచెట్టు నీరు నా అంచుకి అంటలేదు. ఆయన పోయాక నేను కూర్మయ్య చేతికి వచ్చాను. అతనూ నన్ను అలాగే పదును వెనక్కి తిప్పి మోసేవాడు.

తర్వాత ఒక ఆశ్వయుజంలో తుఫాను వచ్చింది. దాని పేరు నాకెందుకు? వీచినంతసేపూ నేను ఇంటి చూరులో ఉన్నాను, కాసేపటికి చూరే లేదు. తెల్లారి చూస్తే నలభైమూడు చెట్లలో ముప్ఫైరెండు నేలమీద ఉన్నాయి. మిగిలిన పదకొండూ నిలబడే ఉన్నాయి గానీ చూడ్డానికి చెట్లలా లేవు. మట్టలన్నీ విరిగి, నడినెత్తిన మొవ్వు ఒకటే మిగిలింది. కొబ్బరి జాతి సంగతి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. మామిడికో వేపకో వంద చిగుళ్లు ఉంటాయి, ఒకటి పోతే ఇంకొకటి వేస్తుంది. కొబ్బరికి, దాని చుట్టాలకి ఉన్నది ఒక్కటే చిగురు, నెత్తిమీద మొవ్వు. అది బతికితే చెట్టు బతుకుతుంది. అది కుళ్లితే కింద కాండం ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు. బతికిందా కుళ్లిందా అన్నది వెంటనే తెలియదు, ఆర్నెల్లు ఆగాలి.

ఆగే ఓపిక ఆ వారం ఊళ్లో ఎవరికీ లేదు. పరిహారం కోసం నష్టం రాసుకునే సర్కారువాళ్లు వస్తున్నారని, నేలమీద ఉన్న చెట్లనే రాస్తారని, నిలబడ్డవాటిని రాయరని ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు, సాయంత్రానికి మాత్రం ఊరంతా అదే మాట. తుఫాను వదిలేసిన చెట్లను మనుషులు నరకడం మొదలుపెట్టారు. కూర్మయ్య ఒక పూటంతా అరుగుమీద కూర్చుని, లేచి, నన్ను తీశాడు. అతని భార్య ఢిల్లమ్మ అడ్డం వచ్చింది.

"వొగ్గీ మావా. ఆర్నెల్లు సూద్దుం," అంది.

"అప్పటికి రాసుకునీవోలు ఎలిపోతారు," అన్నాడు కూర్మయ్య.

ఆరోజు నన్ను పదును ముందుకి పెట్టుకుని తోటలోకి నడిచాడు. పదకొండు చెట్లూ నరికాడు. నాకు చాలా బాగా తెగింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ అది నిజం. చెట్టు కూలాక మొవ్వు చీల్చి తినడం అక్కడి అలవాటు. ఏడాదికి ఒక్కసారి కూడా దొరకని వస్తువు అది. కూర్మయ్య మొదటి చెట్టు తల చీల్చాడు. లోపల వెన్నలా తెల్లగా ఉంది. వాసన చూసి, కొంచెం తుంచి నోట్లో వేసుకుని, అలాగే నిలబడిపోయాడు. కుళ్లిన మొవ్వు తియ్యగా ఉండదు. ఒక్కొక్కటే చీలుస్తూ పోయాడు. పదకొండింట్లో తొమ్మిది తెల్లగా, తియ్యగా ఉన్నాయి. ఢిల్లమ్మ ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు.

రాసుకునేవాళ్లు నాలుగోరోజు వచ్చారు. మట్టలు విరిగి నిలబడ్డ చెట్లను కూడా రాసుకున్నారు. వదంతి విని నరికినవాళ్లు, నరకనివాళ్లు పక్కపక్కనే నిలబడి వేలిముద్రలు వేశారు. ఎండాకాలం వచ్చేసరికి పక్కతోటలో నరకని చెట్లకి లేతాకులు విచ్చుకున్నాయి. కూర్మయ్య ఆ గట్టు మీదుగా నడవడం మానేశాడు. ఇంకో నెలకి ఇద్దరూ తాళం వేసుకుని విశాఖపట్నం బస్సెక్కారు. సంచిలో బట్టల మధ్య నేను కూడా ఉన్నాను.

అక్కడ సముద్రపు ఒడ్డున గేటు వేసుకున్న కాలనీ ఒకటి ఉంది. గేటు నుంచి క్లబ్‌హౌస్ దాకా రోడ్డుకి రెండువైపులా ముప్ఫైరెండు రాయల్ పామ్ చెట్లు. సిమెంటు స్తంభాల్లా నున్నగా, ఒకే ఎత్తున ఉండేవి. కాయ కాయవు, నీడ ఇవ్వవు. వీటిని దేనికి పెంచుతారని ఢిల్లమ్మ మొదటిరోజే అడిగింది. చూడ్డానికి, అన్నాడు కూర్మయ్య. అతన్ని తోటపనికి, ఆవిణ్ణి రోడ్డు ఊడవడానికి పెట్టుకున్నారు. ఆ కాలనీ తోటమాలి అయ్యాక అతను కొంచెం మనిషయ్యాడు. ఆ చెట్లకి కొబ్బరి పోలికలున్నాయి కదా, మనిషికి అంతకన్నా ఏం కావాలి! కాళ్లకి తాడు బంధం వేసుకుని, నన్ను నడుము వెనక దోపుకుని ఎక్కేవాడు. ఎండిన మట్ట తప్ప ఇంకేదీ కొట్టేవాడు కాదు. పచ్చ మట్ట ఒక్కటి కొట్టమన్నా కాలనీవాళ్లతో తగువు పెట్టుకునేవాడు.

అక్కడా తుఫాను వచ్చింది. అదే ఆశ్వయుజం, నాలుగేళ్ల తేడాతో. ఈసారి నేను పనిముట్ల గదిలో ఉన్నాను, గది నిలబడింది. పద్ధెనిమిది చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, కొన్ని నడిమికి విరిగాయి. పద్నాలుగు మిగిలాయి. కొన్ని ఒరిగాయి, అన్నిటికీ ఆకులు పీలికలయ్యాయి. కాలనీ సెక్రటరీ పట్టాభి గారు రిటైరైన ఇంజినీరు, మంచి మనిషి. పడినవాటితో పాటు నిలబడినవాటినీ తీయించేసి, కడియం నర్సరీల నుంచి కొత్త మొక్కలు తెప్పిస్తే రోడ్డంతా ఒక్కతీరుగా ఉంటుందని ఆయన ఆలోచన. రంపాలవాళ్లకి కబురు కూడా పెట్టారు. అప్పుడు కూర్మయ్య ఆయన ముందుకి వెళ్లాడు. ఆరోజు దాకా ఎవరి ముందూ రెండు మాటలు కలిపి మాట్లాడనివాడు చెయ్యెత్తి స్కూలు బస్సు ఆగే చోటున్న చెట్టును చూపించాడు. ఎడమవరసలో ఏడోది. మిగతావాటికన్నా నిటారుగా నిలబడింది, మూడు పచ్చటి మట్టలు కూడా మిగిలాయి దానికి.

"ఆకులు పోతే సెట్టు పోనట్టు కాదు బాబూ. మొవ్వుంటే సాలు, ఆర్నెల్లకి అదే తేరుకుంటాది. ఇదిగో, ఈ ఏడో సెట్టు సూడండి. ఇది బతక్కపోతే నన్ను పన్లోంచి తీసేండి."

పట్టాభి గారు ఆ చెట్టునీ, కూర్మయ్యనీ మార్చి మార్చి చూశారు. ఉగాది దాకా గడువిచ్చారు.

ఆ చలికాలమంతా కూర్మయ్య ఆ పద్నాలుగు చెట్లకి చాకిరీ చేశాడు. ఒరిగినవాటికి సరుగుడు గుంజలు ఊతం పెట్టాడు. గుంజల్ని చెట్టుకే మేకులతో బిగిస్తే పని తొందరగా అవుతుందని ఒక కూలివాడు సుత్తి ఎత్తితే ఆ సుత్తి లాక్కున్నాడు. ఈ జాతి చెట్టుకి గాయం మానదు, ఎన్నాళ్లయినా ఆ కన్నం అలాగే ఉంటుందని చెప్పాడు. గోనెపట్టా చుట్టి, దానిమీద కొబ్బరితాడు కట్టి, ఆ తాడుకి గుంజల్ని బిగించాడు. పీలికలైన మట్టల్లో పచ్చదనం ఉన్నవాటిని కొట్టనివ్వలేదు, ఆ కాస్త ఆకే చెట్టుకి అన్నం అన్నాడు. రోడ్డు అసహ్యంగా ఉందని కాలనీ ఆడవాళ్లు సణిగారు. కుళ్లు పట్టకుండా బోర్డో మందు కలుపుకుని ఎక్కి ఒక్కొక్క మొవ్వులో పోశాడు. పుష్యమాసం నుంచి పరీక్ష మొదలుపెట్టాడు. ఆ పరీక్ష చాలా తేలిక. ఇంకా విచ్చుకోని మొవ్వాకును గుప్పిట పట్టుకుని లాగాలి. బతికినదైతే కదలదు. కుళ్లినదైతే అన్నంలోంచి వెంట్రుక వచ్చినట్టు చేతికి వచ్చేస్తుంది, అడుగున గోధుమరంగు, ముక్కు పగిలే కంపు.

అతను ఎక్కి లాగేవాడు. కింద ఢిల్లమ్మ చీపురు ఆపి తలెత్తి మొవ్వు ఉందా అని అడిగేది. మొదట అయిదింటికి ఉందన్నాడు. తర్వాత ఎనిమిదయ్యాయి, మాఘమాసానికి పదమూడయ్యాయి. నిజంగానే పదమూడింటికీ లేతాకు చీల్చుకుని పైకి వచ్చింది, కిందనుంచి కూడా కనపడేంతగా. ఆ రోజుల్లో కూర్మయ్య అన్నం తింటూ భార్యతో తోట సంగతులు మాట్లాడేవాడు. తను నరికిన పదకొండు చెట్ల పేరు కూడా ఎత్తాడు ఒకసారి. ఢిల్లమ్మ అతనికి ఇంకాస్త అన్నం వడ్డించింది.

ఏడో చెట్టుకి మాత్రం ఏమీ రాలేదు. మూడు పచ్చటి మట్టలూ అలాగే పచ్చగా ఉన్నాయి. అందరూ ఆ పచ్చదనాన్ని చూసి అదే అన్నిటికన్నా బాగుందనుకున్నారు. ఈ జాతిలో ఉన్న మోసమే అది, మొవ్వు చచ్చిన చాలా నెలల దాకా పాత ఆకు పచ్చగానే ఉంటుంది. కూర్మయ్యకి ఆ సంగతి నాకన్నా బాగా తెలుసు. అందుకే దాన్ని ఎక్కడం ఒకరోజు, ఇంకోరోజు అని వాయిదా వేశాడు. చివరికి ఒక ఉదయం ఢిల్లమ్మే గుర్తుచేస్తే ఎక్కాడు.

నేను అతని నడుము దగ్గర ఉన్నాను. పైకి వెళ్లేసరికి కంపు నాకే తెలిసింది, ముక్కే లేని ఇనుముకి. మట్టల మొదట్లో గోధుమరంగు నీరు కారి ఎండి ఉంది, చిన్న చిన్న పురుగులు తిరుగుతున్నాయి. కూర్మయ్య చెయ్యి చాచి మొవ్వాకు పట్టుకున్నాడు. గుప్పిట బిగించాడు. లాగితే తెలిసిపోతుంది. లాగితే నన్ను నడుంలోంచి తియ్యాలి, తీసి, తన మాటని పందెం కాసిన చెట్టును తనే నరకాలి. కింద సెక్రటరీ గారికి, కాలనీకి, అన్నిటికన్నా ముందు తనకి తను చెప్పుకున్న మాట అది. గుప్పిట వదిలేశాడు.

"ఏటి మావా, ఉన్నాదా?" కిందనుంచి ఢిల్లమ్మ.

"ఉన్నాది," అన్నాడు.

ఆవిడ నమ్మింది. ఎందుకు నమ్మదు? పదమూడుసార్లు చెప్పినవాడు పద్నాలుగోసారి చెప్పాడు. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమంటారు. కూర్మయ్య భయం ఇంకో రకం, తాడనుకుని పామును పట్టుకు కూర్చున్నాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, వార్నిష్ కింద అలాగే ఉంది.

ఫాల్గుణంలో ఒక ఉదయం, ఆరేసిన చీర కూడా సరిగ్గా ఎగరనంత గాలి. అంత గాలికే ఏడో చెట్టు తల ఊడింది. కుళ్లిన చోట మెడ తెగి, మూడు పచ్చటి మట్టలతో, మట్టల మొదలున్న బరువైన బోదెతో సహా రెండు బియ్యం బస్తాలంత బరువు నిలువునా కిందికి వచ్చింది. స్కూలు బస్సు అప్పుడే కదిలి వెళ్లింది, పిల్లలు లేరు. ఢిల్లమ్మ ఉంది. వంగి ఊడుస్తోంది గనక తలకి తగల్లేదు, కుడి భుజం మీద పడింది.

కూర్మయ్య ఆస్పత్రికి పరుగెత్తినప్పుడు కూడా నేను అతని నడుంలోనే ఉన్నాను. తలుపు దగ్గర వాచ్‌మన్ ఆపితే తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు, తర్వాత ఆ సంచి మంచం కిందికి తోశాడు. భుజం ఎముక పొడిపొడి అయిందని, నరాలు తెగాయని, ఆ చెయ్యి ఇక లేవదని డాక్టరు చెప్పడం మంచం కిందనుంచి విన్నాను. మూడోరోజు ఢిల్లమ్మకి పూర్తిగా తెలివి వచ్చింది. చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. కూర్మయ్య గిన్నెలో గంజి కలుపుతున్నాడు.

"లాగి సూసినావా?" అంది.

చెంచా ఆగింది.

"నేదు," అన్నాడు కూర్మయ్య.

ఆవిడ తిట్టలేదు. ఏడవలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది. అతను ఎడంచేతికి చెంచా అందించబోతే తనే గిన్నె దగ్గరికి లాక్కుని, ఒలకబోసుకుంటూ తాగింది. ఆ రోజు తర్వాత ఆవిడ అతన్ని 'మావా' అని పిలవగా నేను వినలేదు. పిలవాల్సి వస్తే 'ఇదిగో' అనేది.

కాలనీలో అదే వారం మీటింగు పెట్టారు. ఢిల్లమ్మ ఆస్పత్రి వైద్యమంతా కాలనీయే చూసుకుంటుందని పట్టాభి గారు ముందే మాటిచ్చారు, ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. తర్వాత అసలు సంగతికి వచ్చారు. ఆ చెట్టు పది నిమిషాల ముందు పడి ఉంటే బస్సు కోసం నిలబడ్డ పిల్లలు ఏమయ్యేవారు? మిగిలిన పదమూడూ తక్షణం తీసేయాలని ఒక్కమాటగా తీర్మానించారు. ఒక తల్లి ఏడ్చింది కూడా. కూర్మయ్యని పిలిపించారు. అతను నన్ను గుమ్మం బయట, చెప్పుల పక్కన పెట్టి లోపలికి వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది.

"ఆ పదమూడూ బతికినాయి బాబూ. లేతాకు వొచ్చీసినాది. మీరే సూడండి."

పట్టాభి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారని తర్వాత ఎవరో అనుకోగా విన్నాను.

"ఏడో చెట్టుకీ ఉందనే చెప్పావు కదా, కూర్మయ్యా," అన్నారు.

గొంతులో కోపం లేదు, ఉంటే కూర్మయ్యకి కొంచెం తేలికయ్యేదేమో. ఆ పదమూడు చెట్ల తరఫున మాట్లాడగలిగినవాడు కాలనీ మొత్తానికి అతనొక్కడే, ఆ ఒక్కడి మాటకీ విలువ లేకుండా పోయింది. బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాడు. నన్ను తీసుకోవడం మరిచిపోయి నాలుగడుగులు వేసి, మళ్లీ వచ్చి తీసుకున్నాడు.

మర్నాడు మిషను రంపాలు వచ్చాయి. నేను ఇన్నేళ్లలో చెయ్యలేని పని ఒక పూటలో చేశాయి. గోనెపట్టాలు, కొబ్బరితాళ్లు, గుంజలు ముందు తీసి పక్కన పడేశారు, తర్వాత చెట్లు. ప్రతి చెట్టు నెత్తిమీదా అరచెయ్యి విచ్చుకున్నంత లేతాకు ఉంది, కోసేవాళ్లలో ఒకడు చూసి, ఇవి బాగానే ఉన్నాయే అన్నాడు. పని ఆపలేదు. ఢిల్లమ్మ ఆస్పత్రిలో ఉంది గనక చీపురు కూర్మయ్య చేతికే ఇచ్చారు. సాయంత్రం దాకా రంపపు పొట్టు ఊడ్చాడు. ఊడ్చాక నన్ను కడిగి, పనిముట్ల గదిలో చీకటి మూలకి నిలబెట్టి తలుపు మూశాడు. అతని చేతి చెమట నా కామకి తగలడం అదే ఆఖరు.

క్లబ్‌హౌస్‌కి రంగులు వేస్తున్నప్పుడు పట్టాభి గారి కోడలికి నేను దొరికాను. పాతకాలపు వస్తువని ఎంతో ముచ్చటపడింది. తుప్పు గీకించి, వార్నిష్ వేయించి, ఇక్కడ తగిలించింది. రోడ్డుకి రెండువైపులా కడియం నుంచి వచ్చిన కొత్త పామ్ మొక్కలు వరసగా నిలబెట్టారు. అవి గాలికి ఊగకుండా ఊతకర్రలు కట్టారు, మేకులు నేరుగా మొక్క ఒంట్లోకే దిగేశారు. వద్దనేవాళ్లు లేరు.

ఢిల్లమ్మకి కట్లు విప్పిన వారానికి ఇద్దరూ ఊరికి వెళ్లిపోతున్నామని చెప్పడానికి కూర్మయ్య క్లబ్‌హౌస్‌కి వచ్చాడు. పట్టాభి గారు లేచి ఎదురువచ్చి, కుర్చీ చూపించారు. అతను కూర్చోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ గోడవైపు చూసి ఆగిపోయాడు. పట్టాభి గారూ అటు చూశారు.

"అరే, ఇది నీ గొడ్డలే కదా. తీసుకెళ్తావా, తీయిస్తాను?"

కూర్మయ్య నన్ను చూశాడు. వార్నిష్ కింద కూడా నన్ను పోల్చుకోవడానికి అతనికి క్షణం పట్టలేదని నాకు తెలుసు.

"నాది కాదు బాబూ," అన్నాడు.

దండం పెట్టి బయటికి నడిచాడు. గేటు దగ్గర ఢిల్లమ్మ ఎడం చంకలో మూట పెట్టుకుని నిలబడి ఉంది, కుడిచెయ్యి కొంగులో దాచుకుంది. అతను మూట అందుకోబోయాడు. ఆవిడ కాసేపు ఇవ్వలేదు, తర్వాత ఇచ్చింది. కొత్త మొక్కల మధ్యనుంచి ఇద్దరూ ముందూ వెనకగా నడుచుకుంటూ వెళ్లడం ఈ గోడమీదనుంచి కిటికీలో కనిపించింది. చెట్టు కనిపిస్తే చాలు ముందు దాని నెత్తి చూసేవాడు కూర్మయ్య. ఆరోజు ఒక్కదాని వైపూ తలెత్తలేదు, నేలను చూస్తూ వెళ్లిపోయాడు.